విద్యార్థుల బస సమస్య

ఏటేట కళాశాలల తలుపులు తెరచు దినములలో మన పట్టణములందు ఒక వెదకులాట సాగుచుండును. చేత ప్రవేశపత్రమును, సంచిలో నాలుగు బట్టలును గల యువకులును, తండ్రినో అన్ననో వెంటబెట్టుకొని వచ్చిన యువతులును వీధి వీధి తిరిగి గేటులకు వ్రేలాడు అద్దె పలకలను చదువుచుందురు. విద్యాలయమున చోటు సంపాదించుట ఒక పరీక్ష. ఆ విద్యాలయమునకు చేరువలో తలదాచుకొను చోటు సంపాదించుట రెండవ పరీక్ష. మొదటి పరీక్షకు నియమములు కలవు, మార్కులు కలవు, అన్యాయము జరిగెనని తోచినచో పునఃపరిశీలన కోరు హక్కు కలదు. రెండవ పరీక్షకు ఇవి యేవియు లేవు. ఆ రెండవ పరీక్షను గూర్చియే నేడు మేము కొంత వ్రాయదలచితిమి.

ఈ విషయమును మా పాఠకుల యెదుట ఉంచుటకు ప్రత్యేక కారణ మొకటి కలదు. పల్లెయందు పంట అమ్మిన సొమ్ముతో కుమారుని పై చదువునకు పంపు భూస్వామియు మా పాఠకుడే. పట్టణమున మేడమీద రెండు గదులు వేయించి అద్దెకిచ్చు గృహస్థుడును మా పాఠకుడే. ఒక్క కుటుంబముననే అన్న మొదటివాడును, తమ్ముడు రెండవవాడును అగుట అరుదు కాదు. కావున ఇది ఒక వర్గము వేరొక వర్గముపై మోపు నేరము కాదు. ఇరువురును ఒక్కచోట కూర్చుండి తీర్చుకొనదగిన వ్యవహారము.

నాటి బస, నేటి బస

పూర్వము మన దేశమున చదువుకొనువాని బస దాతల ధర్మముపై ఆధారపడి యుండెను. పేద విద్యార్థి ఏడు ఇండ్లలో వారములు చెప్పుకొని భుజించి, సత్రపు అరుగుమీదనో గుడి మండపముననో పరుండి చదువు ముగించెడివాడు. వారము పెట్టిన ఇల్లాలికి వాని చదువు తన బిడ్డ చదువువలెనే యుండెడిది. ఆ పద్ధతియందు ఔదార్యము ఎంత కలదో సంకోచమును అంత కలదు. వారముల అన్నము అన్ని కులముల బాలురకు దొరకలేదు. బాలికల మాట అచట పుట్టనే లేదు. ఆ లోపమును గ్రహించిన పెద్దలు గడచిన శతాబ్దపు తొలిభాగమున విద్యార్థి వసతిగృహములను నెలకొల్పిరి. 1918 లో హైదరాబాదునందు రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు వానిలో ప్రసిద్ధమైనది. ఆ సంవత్సరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయమును పుట్టెను. 1926 లో బెజవాడయందు ఆరంభమై 1930 లో వాల్తేరునకు తరలిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గాని, 1954 లో తిరుపతియందు నెలకొన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము గాని బసను విద్యలో ఒక భాగముగా నెంచి వసతిగృహములు కట్టించినవే.

నేడు ఆ లెక్క తప్పినది. కేంద్ర ప్రభుత్వమువారి సర్వే ప్రకారము 2021-22 నాటికి దేశమున ఉన్నతవిద్య నభ్యసించువారి సంఖ్య 4.33 కోట్లకు చేరెను. చదువు ఇట్లు పల్లెపల్లెకు ప్రాకుట మనకు గర్వకారణమే. కాని తరగతులు పెరిగినంత వేగముగ వసతిగృహములు పెరుగలేదు. విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఉండువారికి కొందరికైనను గది దొరకును. అనుబంధ కళాశాలలలో చేరువారిలో పెక్కండ్రకు ఆ భాగ్యమును లేదు. ప్రభుత్వములు కట్టని గదులను గృహస్థులు కట్టిరి. హైదరాబాదున అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్, విద్యానగర్ ప్రాంతములును, విశాఖపట్టణమున మద్దిలపాలెము పరిసరములును, వరంగల్లు చెంత హనుమకొండయు ఈ వ్యాపారముచేతనే కొంత రూపు మార్చుకొన్నవి. గచ్చిబౌలి, కొండాపురము దిక్కున స్థితి మరియు కఠినము. అచట తండ్రి పంపు సొమ్ముతో బ్రతుకు విద్యార్థి, నెలజీతము తెచ్చుకొను సాఫ్ట్‌వేర్ ఉద్యోగితో ఒకే గదికి పోటీ పడవలెను. ఈ పోటీలో గెలుపెవరిదో చెప్ప నక్కరలేదు.

అద్దె దినముననే భారము

భారమంతయు నెల అద్దెలో ఉన్నదని దూరమున నున్న తల్లిదండ్రులు భావింతురు. నిజమునకు మొదటి దినముననే పెద్దదెబ్బ తగులును. ఉదాహరణమునకు ముగ్గురు విద్యార్థులు కలసి నెలకు 12,000 రూపాయల అద్దెకు ఒక చిన్న వాటా తీసికొందురనుకొందము. రెండు నెలల అద్దె అడ్వాన్సు 24,000. బ్రోకరునకు ఒక నెల అద్దె 12,000. మొదటి నెల అద్దె 12,000. తాళపుచెవి చేతికి రాకముందే 48,000 రూపాయలు, అనగా ఒక్కొక్కరికి 16,000 రూపాయలు, చెల్లింపవలెను. మంచము, పరుపు, వంటపాత్రలు ఇందు చేరలేదు. 2020 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డిగ్రీ విద్యార్థుల బస భోజనములకై సంవత్సరమునకు 20,000 రూపాయల సాయము ఆరంభించినప్పుడు అది పేద కుటుంబములకు కొండంత అండగా తోచెను. ఆ సొమ్మును 12 నెలలకు పంచి చూడుడు: నెలకు 1,667 రూపాయలు. ఆ సాయము గొప్పదే. కాని పైన చెప్పిన మొదటి దినపు దెబ్బకే అందులో నాలుగైదు వేలు తప్ప తక్కినదంతయు కరిగిపోవును.

ఖాళీ చేయునప్పటి కథ వేరు. రంగులు వేయింపవలెనని ఒక నెల అద్దె, కుళాయి మరమ్మతునకని కొంత, ముందుగా చెప్పలేదని మరికొంత పట్టుకొని, మిగిలినది వచ్చే వారము రమ్మని చెప్పుట తరచుగా వినుచున్నాము. పరీక్షలు ముగిసి ఊరికి పోవు విద్యార్థి వచ్చే వారము మరల రాలేడు. రాలేడని యజమానికి తెలియును. వాని చేత రసీదు లేదు, గది స్థితిని తెలుపు కాగితము లేదు. ఐదారువేల రూపాయలకు న్యాయస్థానము నెక్కువాడు లేడు. విద్యార్థి అడ్వాన్సు ఈ విధముగా మాటమీద ఇచ్చి, మాటమీద పోగొట్టుకొను సొమ్ముగా తయారైనది.

అతిథియా, అద్దెదారుడా?

ఇంతకును శాసనదృష్టిలో ఈ విద్యార్థి ఎవడు? ఈ ప్రశ్నయందే సమస్య మూలమున్నదని మా అభిప్రాయము.

1882 లో రెండు శాసనములు పుట్టినవి. ఆస్తి బదలాయింపు శాసనము అద్దెదారుని హక్కును నిర్వచించినది. వేరు ఒడంబడిక లేనిచో, నెల అద్దెకు ఉన్నవానిని ఖాళీ చేయింప 15 దినముల నోటీసు ఈయవలెనని అది చెప్పుచున్నది. అదే సంవత్సరపు ఈజ్‌మెంట్ల శాసనము కేవలము అనుమతిపై ఉండువానిని గూర్చి చెప్పినది. వాని అనుమతిని యజమాని సాధారణముగా రద్దు చేయవచ్చును. వానికి మిగులునది సామాను తీసికొని పోవుటకు సమంజసమగు వ్యవధి మాత్రమే. వాటా తీసికొని తాళము తన చేత ఉంచుకొన్న విద్యార్థి మొదటి తెగలోనివాడు. నలుగురు పరుండు గదిలో ఒక మంచమునకు సొమ్ము కట్టి, భోజనము కూడ అచటనే చేయు ప్రైవేటు హాస్టలు విద్యార్థి రెండవ తెగలో పడును. రాత్రి తొమ్మిదింటికి వచ్చితివేమని అడిగి, మరునాడే సంచి బయట పెట్టించుటకు కొందరికి ధైర్యము కలుగుట ఇందువలననే. ఆ సమంజసమగు వ్యవధి యైనను విద్యార్థికి కలదని చెప్పువారు లేరు.

కాగితముపై వ్రాసిన పేరే సర్వమును కాదు. 1959 లో సుప్రీంకోర్టున అసోసియేటెడ్ హోటల్స్ వ్యాజ్యమునందు, మన రాజమహేంద్రవరపు న్యాయవేత్తయగు జస్టిస్ కోకా సుబ్బారావుగారు ఈ భేదమును విశదపరచుచు, పత్రము యొక్క రూపముకంటె దాని సారమును చూడవలెననియు, ఉభయుల ఉద్దేశమే అసలు పరీక్షయనియు, ఆ చోటు పూర్తిగా వాని స్వాధీనమున ఉన్నదా లేదా యనునది ముఖ్యమైన గుర్తనియు చెప్పిరి. తెలుగు న్యాయమూర్తి వ్రాసిన ఆ సూత్రము నేటికిని దేశమంతట చెల్లుచున్నది. అది తెలిసిన విద్యార్థులు ఎందరు? తెలిసిన యజమానులు ఎందరు?

అద్దె నియంత్రణ శాసనములు రక్షింపవా యని పాఠకు లడుగవచ్చును. తెలంగాణమున 1960 నాటి భవనముల శాసనము కలదు. కాని 2005 నాటి సవరణము ప్రకారము, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె గల భవనములకు దాని రక్షణ వర్తింపదు. ఆ అద్దెకు నేడు హైదరాబాదున వాటా దొరకుట కల్ల. ఆంధ్రప్రదేశ్ 2017 లో అద్దెలకై క్రొత్త శాసనము చేసికొన్నది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము ఒక నమూనా అద్దె శాసనము నామోదించి రాష్ట్రములకు పంపినది. నివాసగృహమునకు రెండు నెలల అద్దెకు మించి ధరావతు పుచ్చుకొనరాదు. ఒడంబడిక వ్రాతమూలముగనే ఉండవలెను. యజమాని గదిలోనికి రావలెనన్న 24 గంటలు ముందుగా తెలుపవలెను. తగవు వచ్చెనని నీరు, విద్యుత్తు ఆపరాదు. నియమములు మంచివే. కాని అది నమూనా మాత్రమే. రాష్ట్రము స్వయముగా శాసనము చేసిననే దానికి ప్రాణము. అందును హోటళ్లు, లాడ్జీలు, సత్రములు మినహాయింపబడినవి. ప్రైవేటు హాస్టలు యజమాని తనది ఆ తెగలోనిదే యనును.

పన్నుల విషయమున ఈ అయోమయము బాగుగ వెల్లడియైనది. హాస్టళ్లు నివాసగృహములు కావనియు, వాని అద్దెపై నూటికి 12 వంతున జి.ఎస్.టి. చెల్లింపవలెననియు 2023 లో ముందస్తు తీర్పుల అధికారులు కొందరు నిర్ణయించిరి. 2024 జూన్ 22న జి.ఎస్.టి. మండలి 53వ సమావేశము కలుగజేసికొని, మనిషికి నెలకు 20,000 రూపాయలకు మించక, ఎడతెగక 90 దినములైనను ఉన్న బసకు పన్ను తొలగింప సిఫారసు చేసినది. పన్ను వేయునప్పుడు విద్యార్థి ఎవడను ప్రశ్నకు ఢిల్లీలో ఒక సంవత్సరములో సమాధానము దొరకినది. వాని రక్షణ విషయమున అదే ప్రశ్నకు సమాధానము ఇంకను దొరకవలసి యున్నది.

గృహస్థుల భయము

ఇంటి యజమానుల పక్షమున చెప్పదగినదియు కలదు. దానిని చెప్పకుండుట న్యాయము కాదు. పెక్కండ్రు యజమానులు ధనికులు కారు. పదవీవిరమణ సొమ్ముతో ఒక అంతస్తు లేపి, ఆ అద్దెతో మందులు కొనుక్కొనువారు. అద్దె ఆపి ఖాళీ చేయని వానిపై వ్యాజ్యము వేసిన ఏండ్లు గడచుచున్నవి. నలుగురని చెప్పి తొమ్మండుగురు చేరుట, రాత్రి రెండు గంటలకు పాటలు, నెల చివర చెప్పకుండ వెడలిపోవుట—ఇవి కల్పితములు కావు. ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేసినచో మాట పడునది యజమానియే. "కుటుంబములకు మాత్రమే" అను పలక వెనుక దురహంకారమే కాక ఈ భయమును కలదు.

అద్దెలను శాసనముతో స్తంభింపజేయుమని కోరువారితోను మేము ఏకీభవింపజాలము. 1947 నాటి బొంబాయి శాసనము అద్దెలను 1940 సెప్టెంబరు నాటి మట్టమునకు కట్టివేసెను. ఫలితమేమి? యజమానులు మరమ్మతులు మానిరి. లోపల ఉన్నవాడు కదలడు, బయటివానికి చోటు దొరకదు. పగిడీ పేర చాటుమాటు సొమ్ము చేతులు మారెను. ఆ మార్గము క్రొత్తగా వచ్చువానికే, అనగా విద్యార్థికే, ఎక్కువ కీడు చేయును. మేము కోరునది అద్దె తగ్గింపు కాదు, వ్యవహారమున స్పష్టత.

కాని ఒక్క భయమును మాత్రము మేము మన్నింపలేము. తలుపు తెరచిన వెంటనే "మీరేమిటివారు?" అను ప్రశ్న. ఇంటిపేరు విని, తండ్రి పేరు విని, ఊరిలో ఇల్లు ఏ వైపున నున్నదో విని, గది నిన్ననే ఇచ్చివేసితిమని చెప్పుట. భోజనపు అలవాటు అడుగుట తరచుగా ఆ ప్రశ్నకే మర్యాదగల వేషము. దళిత విద్యార్థియు, ముస్లిము విద్యార్థియు అద్దెతోపాటు ఈ అవమానమును గూడ చెల్లించుచున్నారు. రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను నిషేధించినది. అస్పృశ్యత కారణముగా ఒకనిని ఏ ప్రాంతముననైనను ఇంట నివసింపకుండ అడ్డుకొనుట నేరమని 1955 నాటి శాసనము చెప్పుచున్నది. గది యజమానిదే; కాని నేరము చేయు హక్కు యజమానిది కాదు. వారముల అన్నములోని ఔదార్యమును విడిచి దానిలోని సంకోచమును మాత్రము నిలుపుకొంటిమా యని ప్రతి గృహస్థుడును ఆలోచింపవలెను.

యువతుల విషయమున వేరొక అన్యాయము కలదు. క్షేమము పేరిట వారికి గేటు ముందుగా మూయుదురు. గ్రంథాలయమున సోదరుడు పది గంటలవరకు చదువగా సోదరి ఏడింటికే లేచి రావలెను. క్షేమమునకు కావలసినది దీపమున్న వీధి, పనిచేయు గొళ్లెము, అగ్నిప్రమాదమున బయటపడుటకు రెండవ మెట్లదారి. వీనికి ఖర్చగును. తాళము వేయుటకు ఖర్చు లేదు. ఖర్చు లేనిదే ఎక్కువ చోట్ల అమలగుచున్నది.

చేయదగిన పనులు

ఇతరులు చేసిన పనులనుండి మనము నేర్చుకొనవచ్చును. పొరుగున నున్న తమిళనాడు 2014 లోనే స్త్రీలు, బాలల హాస్టళ్లకు లైసెన్సు తప్పనిసరి చేయుచు శాసనము చేసినది. ఇంగ్లాండు, వేల్సు దేశములయందు 2007 ఏప్రిల్ నుండి సాధారణపు ప్రైవేటు అద్దెలలో ధరావతు యజమాని జేబున ఉండరాదు. ప్రభుత్వము గుర్తించిన సంరక్షణ పథకమునకు లోబడి యుండవలెను. అట్లు చేయని యజమాని ఆ సొమ్మునకు మూడు రెట్ల వరకు చెల్లింపవలసి రావచ్చును. 2019 నుండి ఇంగ్లాండున సాధారణపు అద్దెలకు ధరావతు ఐదు వారముల అద్దెకు మించరాదు. అచటి లీడ్సు నగరమున యూనిపోల్ అను ధర్మసంస్థ, మర్యాదనియమముల కంగీకరించిన యజమానుల గదులను విద్యార్థులకు చూపుచున్నది. ఆ దేశమునకు చదువుకొనబోవు మన తెలుగు బిడ్డలు అచట పొందు ఈ రక్షణ, సొంత రాజధానిలో చదువు వారి తమ్ములకు ఏల ఉండరాదు?

మొదట విశ్వవిద్యాలయములు మేల్కొనవలెను. విద్యార్థిని చేర్చుకొని, ఫీజు పుచ్చుకొని, వాడు ఎక్కడ పరుండునో మాకు పనిలేదనుట విద్యాపీఠమునకు తగదు. ప్రతి విశ్వవిద్యాలయమును పరిసరములలోని అద్దెగదుల పట్టిక నొకటి ఉంచవలెను. గాలి, నీరు, మరుగుదొడ్డి, మెట్లదారి చూచి వచ్చి అద్దెతో సహా వ్రాసి ప్రకటింపవలెను. బ్రోకరునకు ఇచ్చు నెల అద్దె దీనితోనే మిగులును. పట్టికలో చేరిన యజమానికిని లాభము కలదు: విద్యార్థి అద్దె ఆపినను అల్లరి చేసినను చెప్పుకొనుటకు ఒక కార్యాలయము ఉండును.

రెండవది, ఒకే అచ్చు ఒడంబడిక, తెలుగున, ఒక్క పుటకు మించక ఉండవలెను. 1908 నాటి రిజిస్ట్రేషను శాసనపు మూలపాఠము సంవత్సరమునకు మించిన అద్దెపత్రములకు రిజిస్ట్రేషను విధించుటచే, 11 నెలల కాగితము దేశమంతట వాడుకయైనది. ఆ కాగితమును విద్యార్థి చదువకయే సంతకము చేయును. అందులో ఉండవలసినవి నాలుగు: అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఎన్ని దినములు ముందు చెప్పవలెను, ఏ కారణమున ఎంత పట్టుకొనవచ్చును. దానికి గది ఛాయాచిత్రములు జతచేసినచో రంగుల తగవు సగము తీరును.

మూడవది ప్రభుత్వముల పని. హాస్టలు విద్యార్థి అతిథియను మాట మాని, మూడు నెలలకు మించి ఉండువానిని నివాసిగా గుర్తించి, 15 దినముల నోటీసును రెండు నెలల ధరావతు మితిని వానికిని వర్తింపజేయవలెను. పన్ను మండలి 90 దినములను గీతగా గీయగలిగినప్పుడు శాసనసభలు గీయలేవా? ధరావతు సొమ్మును మూడవవారి చేత ఉంచు ఏర్పాటును, చిన్న తగవులను నెల దినములలో తీర్చు అధికారిని ఏర్పరచినచో, బాకీపడిన అద్దెకై ఏండ్లు తిరుగు యజమానికిని అదే మార్గము మేలుచేయును.

ఇవి యన్నియు జరుగులోపల మా పాఠకులు తామై చేయగలది కొంత కలదు. గ్రామమున నున్న తండ్రి కుమారుని అంకెలు మాత్రమే గాక, వాని గది కాగితమునుగూడ అడిగి చదువవలెను. పట్టణమున నున్న గృహస్థుడు ఈ సంవత్సరము తీసికొను ప్రతి అడ్వాన్సునకు రసీదు వ్రాసి ఈయవలెను. పలకమీద కులమును సూచించు మాట ఉన్నచో దానిని తుడిచివేయవలెను. వీనికి శాసనము అక్కరలేదు, ఖర్చు లేదు. పూర్వులు అన్నమే పెట్టి చదివించిరి. మనము అద్దె పుచ్చుకొనియే చదివించుచున్నాము. పుచ్చుకొను సొమ్మునకు రసీదు ఈయలేకపోవుటకు మనకు కారణమేమి?